తాతల నాటి తలుపుకు ఇప్పటి ఇనుము

ప్రశ్న: సార్, మాది పాకాల దగ్గర పల్లె. మా తాత కమ్మరి. నాన్న హయాంలో కొలిమి ఆరిపోయింది. నేను డిప్లొమా చదివి తిరుపతి ఆటోనగర్‌లో గ్రిల్స్ షెడ్డులో పని చేస్తున్నా. ఆదివారాలు తాత కొలిమి మళ్ళీ వెలిగిస్తున్నా. చంద్రగిరిలో పాత మిద్దె బాగు చేయిస్తున్న ఆసామి ఒకాయన సింహద్వారం ఇనుప పని నాకిచ్చాడు. రెండు పొడవాటి పట్టీ బందులు, గొలుసు గొళ్ళెం, కడియం, ముప్పైకి పైగా బొడిపె మేకులు కొత్తగా చెయ్యాలి. మిగతావి తలుపు మీదే ఉన్నాయి. "ఉన్నవాటి లాంటి ఇనుముతోనే చెయ్యాలి, షాపు ఇనుము వద్దు, చూడగానే పాతదిలా ఉండాలి" అంటాడు. అలాంటి ఇనుము ఎక్కడ దొరుకుతుంది? దొరక్కపోతే మామూలు ఇనుముతో అలాంటిదాన్ని తయారు చెయ్యొచ్చా? ఉప్పునీళ్ళు పోసి తుప్పు పట్టిస్తే చాలని మా షెడ్డులో అంటున్నారు. ఢిల్లీ స్తంభం తుప్పు పట్టదు కదా, మరి పాత ఇనుముకు తుప్పు పట్టిస్తే పడుతుందా అని ఇంకొకడు. అడ్వాన్సు కూడా తీసుకున్నా, టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, పాకాల మండలం

జవాబు:

నువ్వు అని రాస్తున్నా, ఏమీ అనుకోకు. ఐటీఐ వర్క్‌షాపులో ఇరవై ఆరేళ్ళు నీ వయసు పిల్లలకే పని నేర్పినవాణ్ణి. 'మీరు' అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు.

ముందు పైసా ఖర్చు లేని పని ఒకటి. ఆ తలుపు మీద మిగిలి ఉన్న ఇనుము ఏ ఇనుమో చూశావా? ఆసామి 'పాత ఇనుము' అన్నాడు, నువ్వు వెతుకులాట మొదలుపెట్టావు. ఆ మిద్దె 1880 నాటిదైతే ఒక మాట, 1935 నాటిదైతే ఇంకో మాట. పాత మిద్దెలకు వాకిలి పైన గచ్చులో కట్టిన సంవత్సరం వేసే అలవాటు ఉండేది, చూడు. లేకపోతే దస్తావేజులు అడుగు. ఎందుకు అడగమంటున్నానో చెబుతా.

బళ్ళో చదువుకున్న పేర్లే: పోత ఇనుము, చేత ఇనుము, ఉక్కు. పుస్తకంలో మూడు, అంగట్లో మాత్రం అన్నీ 'ఇనుమే'. శ్రీకాళహస్తి దగ్గర ఫ్యాక్టరీలో పోసే నీళ్ళ పైపులు పోత ఇనుము జాతి. దాంట్లో కార్బన్ నూటికి మూడు పాళ్ళు దాటి ఉంటుంది. ఎర్రగా కాచి సమ్మెట దెబ్బ వేస్తే సాగదు, పగిలిపోతుంది. నువ్వు షెడ్డులో రోజూ కోసే ఎం.ఎస్. అంటే మెత్తటి ఉక్కు. మామూలుగా దొరికే ఐఎస్ 2062 (మన దేశపు ఉక్కు ప్రమాణం) రకాల్లో కార్బన్ 0.23 శాతానికి మించకూడదు. చేత ఇనుములో అంతకన్నా తక్కువ, సాధారణంగా 0.1 శాతం లోపే.

అయితే అసలు తేడా కార్బన్‌లో లేదు. చేత ఇనుము బట్టీలో నీళ్ళలా కరిగి పోతపోసినది కాదు. ముద్దగా తయారవుతుంది. ఆ ముద్దలో చిట్టెం, అంటే బట్టీలో మిగిలే గాజులాంటి మలినం, ఇరుక్కుని ఉంటుంది. సమ్మెట కింద, రోలర్ల కింద సాగేకొద్దీ ఆ చిట్టెం సన్నటి దారాలై కమ్మీ పొడుగునా పరుచుకుంటుంది. తూకంలో నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళు. అదే దాని నార. కర్రకు చేవ, నార ఉన్నట్టు ఈ ఇనుముకూ ఉంటుంది. ఉక్కుకు ఉండదు. నీ ప్రశ్నలన్నిటికీ మూలం ఈ నారే.

దీన్ని పెద్ద ఎత్తున చేసే పద్ధతికి ఇంగ్లండ్‌లో హెన్రీ కోర్ట్ 1784లో పేటెంట్ తీసుకున్నాడు. బట్టీలో ఇనుమును పొడవాటి కడ్డీతో కలియబెట్టి ముద్ద కట్టించడం. 1889లో లేచిన ఈఫిల్ టవర్ అంతా ఆ జాతి ఇనుమే. 1856లో ఇంగ్లండ్‌లోనే బెస్సెమర్ అనే ఆయన ఉక్కు చేసే తన పద్ధతి బయటపెట్టాక ఉక్కు చవకైంది, చేత ఇనుము మెల్లగా వెనకబడింది. మన దేశంలో జంషెడ్‌పూర్‌లో 1912 నుంచి ఉక్కు తయారవుతోంది. ఇంగ్లండ్‌లోని బోల్టన్‌లో చివరిదాకా నడిచిన చేత ఇనుము కార్ఖానా 1973లో మూతపడింది. కాబట్టి కొత్త చేత ఇనుము ఏ హార్డ్‌వేర్ అంగట్లోనూ ఉండదు. చేత ఇనుమునే ఇంగ్లిషులో రాట్ ఐరన్ అంటారు, కానీ ఎవడైనా 'రాట్ ఐరన్ గేట్లు' అని బోర్డు పెడితే అది డిజైన్ పేరు, లోపలున్నది ఎం.ఎస్. గొట్టం. ఇంగ్లండ్‌లో ఒక సంస్థ పాత గొలుసులు, కమ్మీలు సేకరించి, మళ్ళీ కాచి రోలర్లలో సాగదీసి అమ్ముతోంది. చంద్రగిరి తలుపు కోసం అది తెప్పించుకోవడం అయ్యే పని కాదు.

అంటే ఆ మిద్దె 1930ల నాటిదైతే, ఆసామి 'పాత ఇనుము' అని ముచ్చటపడుతున్నది మెత్తటి ఉక్కే అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు 'ఉన్నవాటి లాంటి ఇనుము' నీ షెడ్డు మూలలోనే పడి ఉంది.

ఎట్లా తేల్చుకోవాలో నేను చేసిన తీరే చెబుతా. ఊడిపోయిన బొడిపె మేకు ఒకటి తీసుకో. వంగిపోయింది, పనికిరానిది అయితే మంచిది. ఆసామిని అడిగే తీసుకో. వైస్‌లో బిగించి, హాక్సా బ్లేడుతో అడ్డంగా మూడో వంతు దాకా కొయ్యి. కాచొద్దు, చల్లగానే ఉండాలి. కోత బయటి వైపుకు వచ్చేటట్టు పట్టుకుని సుత్తితో మెల్లగా వంచు. ఒకేసారి పెద్ద దెబ్బ వెయ్యొద్దు. ఇప్పుడు కోత దగ్గర ఏమవుతుందో కన్ను ఆనించి చూడు.

చెరకు గడను మోకాలికి వేసి విరిచావా ఎప్పుడైనా? ఒకేసారి తెగదు. పైతోలు విచ్చుకుంటుంది, లోపల నార ఒక్కొక్క పోగు లాగుతూ తెగుతుంది, విరిగిన చోట పీచు లేచి నిలబడుతుంది. చేత ఇనుము అచ్చం అట్లాగే విరుగుతుంది. కోత దగ్గర మొదలైన చీలిక అడ్డంగా పోకుండా పొడుగు వైపు తిరుగుతుంది. బూడిదరంగు పోగులు కనిపిస్తాయి. ఉక్కు మేకైతే చాలాదూరం చీలకుండా వంగుతుంది, లేదా ముల్లంగి విరిగినట్టు శుభ్రంగా అడ్డంగా తెగుతుంది. నా పిల్లలకు ఈ పరీక్ష చూపించిన రోజు క్లాసులో ఒక్కడు కూడా సెల్లు తియ్యలేదు.

మేకు విరగ్గొట్టడానికి ఆసామి ఒప్పుకోకపోతే ఇంకో రెండు దారులున్నాయి. బందు వెనకవైపు, కర్రకు ఆని ఉన్న చోట, చిన్నగా ఆకురాయితో నునుపు చేసి, ఎలక్ట్రానిక్స్ అంగట్లో దొరికే ఫెర్రిక్ క్లోరైడ్ పలచగా కలిపి రాయి. కొన్ని నిమిషాలకు టేకు చెక్క మీద గీతల్లా పొడుగునా చారలు తేలితే చేత ఇనుము. తరవాత నీళ్ళతో, వంట సోడాతో బాగా కడిగి నూనె పూయి, లేకపోతే అక్కడే తుప్పు లేస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకో. రెండోది గ్రైండర్ నిప్పులు. చేత ఇనుము నిప్పురవ్వలు పొడవాటి గీతల్లా పోతాయి, చివర పెద్దగా చిట్లవు. ఎం.ఎస్.లో అక్కడక్కడా చిట్లుతాయి. పట్టాకత్తిలాంటి గట్టి ఉక్కులో మతాబులా విచ్చుకుంటాయి. దీనికి అలవాటుపడ్డ కన్ను కావాలి. పక్కన తెలిసిన ఎం.ఎస్. ముక్క పెట్టుకుని పోల్చి చూడు. అయస్కాంతం మాత్రం తీసుకుపోవద్దు. అది రెండింటికీ అతుక్కుంటుంది, నీకేమీ చెప్పదు.

ఎండకూ వానకూ ఏళ్ళు గడిచిన చేత ఇనుము తుప్పు కూడా ఒక గుర్తే. పొరలు పొరలుగా, నిలువు గీతలతో, ఎండిన తాటిమట్టలా ఉంటుంది. ఉక్కు తుప్పు గుంటలు గుంటలుగా తింటుంది.

పరీక్షలో నార కనిపించిందనుకో. అప్పుడు 'ఎక్కడ దొరుకుతుంది' అన్న ప్రశ్నకు వద్దాం. ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. పదేళ్ళ కింద ఒక పాతసామాన్ల అంగట్లో బండి చక్రాల పట్టాలు కుప్పగా కనిపించాయి. 'తాతల కాలంనాటివి సార్' అన్నాడు. తుప్పు చూసి మురిసిపోయి నలభై కిలోలు ఆటోలో వేసుకొచ్చా. ఇంటికొచ్చాక ముక్క కోసి వంచితే ముల్లంగే. అన్నీ ఉక్కువే. బండి తాతల నాటిదే కావచ్చు. పట్టా అరిగినప్పుడల్లా కొత్తది వేస్తారన్న సంగతి కమ్మరి కొడుకునై ఉండీ నాకు తట్టలేదు. అప్పట్నుంచి నా సంచిలో హాక్సా, చిన్న ఆకురాయి లేకుండా ఆ అంగళ్ళ వైపు పోను. నువ్వూ పోవద్దు. ముక్క కోసి చూడనివ్వని వాడి దగ్గర కొనొద్దు.

దొరికే అవకాశం ఉన్న చోట్లు చెబుతా. తిరుపతిలో పాత వీధుల్లో ఇళ్ళు పడగొట్టే కాంట్రాక్టర్ల దగ్గర తలుపులు, కిటికీలు వస్తాయి. కిటికీ నిలువు కమ్మీలు చూడు, అందులోనూ గుండ్రంగా కాక చదరంగా ఉండి, అడ్డపట్టీలో చిల్లు దగ్గర పట్టీ కాస్త ఉబ్బి ఉన్నవి. అది కాచి చీల్చిన చిల్లు గుర్తు. పాత బావుల గిలక ఇరుసులు, ఏతం గొలుసులు, చేతితో అతికిన పెద్ద గొలుసు లంకెలు కూడా మంచివి. లంకె అతుకు దగ్గర చిన్న ఉబ్బు ఉంటుంది. పాత మిద్దెల పైకప్పు దూలాల మీద ఆశ పెట్టుకోకు. ఇంగ్లిషు అక్షరాలు పొడుచుకొచ్చిన ఐ-ఆకారం దూలాలు చూసి పాతవని మోసపోతారు, అవి ఎక్కువగా ఉక్కువే.

అన్నిటికన్నా మంచి గని ఆ మిద్దే. నేనైతే మొదట అక్కడికే పోతా. పడగొట్టిన గోడల్లో, అటక మీద, పశువుల కొట్టంలో విరిగిన బందులు, కొక్కేలు, మేకులు ఉంటాయి. అదే ఇల్లు, అదే కాలం, బహుశా అదే కమ్మరి. ఒక గోతం పట్టుకుని పోయి చిన్న ముక్క కూడా వదలకుండా ఏరుకో.

రెండు హెచ్చరికలు. రేణిగుంట వైపు ఎవడైనా 'రైల్వే ఇనుము, పాతది' అని చవగ్గా ఇస్తానంటే ముట్టుకోవద్దు. రైల్వే తన తుక్కును వేలంలో అమ్ముతుంది. వేలం కాగితం లేని ముక్క నీ షెడ్డులో దొరికితే 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద జైలు. నాకు తెలియదు అంటే కుదరదు. అట్లాగే గుళ్ళ రథాల ఇరుసులు, గొలుసులు, కోట తలుపుల ముక్కలు ఎవరు తెచ్చినా వద్దు. నూరేళ్ళు దాటిన కళావస్తువుల వ్యాపారానికి 1972 చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. చట్టం సంగతి అటుంచు, ఒక పాత పని చెరిపి ఇంకో పాత పనిని బాగు చెయ్యడం నాకు నచ్చదు.

ఇంకో సంగతి, ఇది ఆరోగ్యం. పాత ఇనుము మీద ఎర్ర రంగు పూత కనిపిస్తే అది సీసంతో చేసిన సింధూరం కావచ్చు. రంగు ఉన్నదాన్ని కొలిమిలో పెట్టొద్దు. ఊరికే గ్రైండర్ కూడా పట్టొద్దు, ఆ దుమ్మూ మంచిది కాదు. రంగు తీసే ద్రావకంతో మెత్తబరిచి గీకి, తుడిచి, అప్పుడు కాచు. తెల్లగా మెరిసే జింకు పూత గొలుసులు అసలు కొలిమి దగ్గరికే రానివ్వకు. ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం.

సరే, గోతం నిండా ముక్కలు వచ్చాయి, బందుకు సరిపడా పొడుగు కమ్మీ మాత్రం లేదు. ఇక్కడే చేత ఇనుము గొప్పతనం. ముక్కలన్నీ కలిపి ఒక కమ్మీ చెయ్యొచ్చు. పాతకాలం కార్ఖానాల్లోనూ ఇదే చేసేవాళ్ళు. కమ్మీలు నరికి, కట్ట కట్టి, కాచి, అతికి, మళ్ళీ సాగదీసేవాళ్ళు. ఎన్నిసార్లు చేస్తే నార అంత సన్నం, ఇనుము అంత మేలు.

ముక్కలను తుప్పు రాలేటట్టు బాగా కొట్టు. వంకరవి కాచి సాపు చెయ్యి. అన్నీ ఒకే దిక్కుకు పేర్చి, నాలుగైదు పొరలు, పిడికెడు లావు కట్ట చెయ్యి. నార అంతా కట్ట పొడుగునా పోవాలి, ఒక్క ముక్క అడ్డం పడ్డా అక్కడే చీలుతుంది. ఇనుప తీగతో రెండు మూడు చోట్ల బిగించి, ఒక చివర పొడవాటి కడ్డీ అతికి పిడిలా చేసుకో. కొలిమిలో తుమ్మ బొగ్గు వెయ్యి. రాక్షసి బొగ్గులో గంధకం ఉంటుంది, అది ఇనుములోకి పోతే వేడిమీదే పగుళ్ళు వస్తాయి. కట్టను నిప్పుల మధ్యలో పెట్టి, తొందరపడకుండా లోపలిదాకా కాగనివ్వు. నారింజ దాటి, పసుపు దాటి, తెల్లబడుతుంది. పైన తడి మెరుపు వస్తుంది, నెయ్యి రాసినట్టు. లోపలి చిట్టెం కరిగి ఉబికినట్టు కనిపిస్తుంది. అతుకు వేడి అదే. తీసి దాగలి మీద పెట్టి, మొదటి దెబ్బలు తేలిగ్గా, గబగబా. చిట్టెం చుక్కలు నాలుగు దిక్కులా చిమ్ముతాయి. తోలు ఆప్రాన్, కళ్ళద్దాలు లేకుండా చెయ్యొద్దు. పక్కన చిన్నపిల్లలుంటే బయటికి పంపు. ఒక్క కాపుతో అతకదు. మళ్ళీ కాచి, ఇంకో పక్క కొట్టు. అతుక్కున్నాక చదరంగా సాగదీసి, మధ్యకు నరికి, మడిచి, మళ్ళీ అతుకు. అతుకు శుభ్రంగా పడటానికి చల్లే వెలిగారం అక్కర్లేదు, శుభ్రమైన సన్న ఇసుక చాలు. దాని చిట్టెమే దానికి మందు.

తూకం తగ్గుతుంది, ముందే చెబుతున్నా. పొలుసుగా రాలిపోయేది చాలానే ఉంటుంది. అంచేత ఏరేటప్పుడు అవసరానికి ఒకటిన్నర రెట్లు ఏరుకో. తాత కొలిమి తిత్తితో ఇంత వేడి రావచ్చు, కానీ తిత్తి కొట్టే మనిషి తోడు కావాలి. లేకపోతే బ్లోయర్ పెట్టుకో, తాత ఏమీ అనుకోడు.

దీంతో పని చేసేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: చల్లారుతుంటే కొట్టొద్దు. ఎం.ఎస్.ని ఎర్రటి వేడి మీద కూడా నువ్వు సవరిస్తావు, అది ఓర్చుకుంటుంది. చేత ఇనుము ఓర్చుకోదు. పసుపు వేడి మీదే పని అయిపోవాలి, నారింజ రంగు తగ్గిందంటే మళ్ళీ కొలిమిలోకి. మొండిగా కొడితే కొస పొరలుగా విడిపోయి కుంచెలా అవుతుంది. అట్లా విడిపోతే కంగారు పడకు, అతుకు వేడికి తెచ్చి మళ్ళీ కలుపు. చిల్లు చెయ్యాలంటే డ్రిల్లుతో కాదు. కాచి, ఉలితో నార వెంట చీల్చి, తరవాత మొన ఉన్న కడ్డీ దూర్చి వెడల్పు చెయ్యి. నార తెగదు, పక్కకు తప్పుకుంటుంది. చిల్లు దగ్గర ఆ ఉబ్బు దానంతట అదే వస్తుంది. షెడ్డులో ఉన్న ఆర్క్ వెల్డింగ్ మాత్రం దీని మీద పెట్టొద్దు. పైపొరకే అతుక్కుంటుంది, బరువు పడిన రోజు ఆ పొరను తోలులా లేపుకుని వచ్చేస్తుంది.

ఇక 'మామూలు ఇనుముతో అలాంటిదాన్ని తయారు చెయ్యొచ్చా' అన్న ప్రశ్న. కొంతమంది సన్నటి ఎం.ఎస్. కడ్డీలు కట్ట కట్టి, మధ్యలో ఇసుక, పొలుసు చల్లి అతికి సాగదీస్తారు. ఆసిడ్ పూస్తే చారలు కనిపిస్తాయి. నేనూ చేసి చూశా. ముచ్చటగానే ఉంటుంది, కానీ అది పొరల ఉక్కు, నార ఉన్న ఇనుము కాదు. విరిస్తే చెరకులా విరగదు. తలుపు మీద రంగూ నూనే పడ్డాక ఆ చారలు ఎవరికీ కనపడవు. రెండు రోజుల బొగ్గు దండగ. ఖనిజం తెచ్చి మట్టి బట్టీలో మనమే ఇనుము తీద్దామన్న ఆలోచన వస్తే, అది వేరే జన్మకు పెట్టుకో. కోనసముద్రం ఉక్కు అని ఎవరైనా మధ్యలో దూరితే కంగారుపడకు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో చేసిన ఆ ఉక్కు లోకమంతా పేరుమోసిందే, కానీ అది కార్బన్ ఎక్కువున్న కత్తుల ఉక్కు. నీక్కావాల్సిన మెత్తటి ఇనుముకు అది పూర్తిగా ఎదురు జాతి.

నా సలహా ఇది. బరువు మోసే రెండు బందులు, చేతికి తగిలే కడియం, గొళ్ళెం — వీటికి ఆ ఇంట్లో ఏరిన ఇనుము వాడు. చాలకపోతే కడియానికీ గొళ్ళేనికీ మాత్రమే వాడి, బందులు ఎం.ఎస్.తో చెయ్యి. బొడిపె మేకులు ముప్పయ్యీ ఎం.ఎస్.తోనే. ఎం.ఎస్.లో చేసినా తేడా తెలియకపోవడానికి ఇనుము మారనక్కర్లేదు, పని తీరు మారాలి.

షాపులో 12 మి.మీ. చదరపు ఎం.ఎస్. కమ్మీ కొను. టీఎంటీ కమ్మీ వద్దు. దానికి తయారీలోనే పైపొర గట్టిపడి ఉంటుంది, లోపల ఏముందో నమ్మకం లేదు, పైగా గీతలు. చదరాన్ని ఉన్నదున్నట్టు వంచితే అది గ్రిల్లే. ప్రతి ముక్కా ఒకసారైనా పూర్తిగా కొలిమి చూడాలి, నాలుగు పక్కలా సుత్తి పడాలి. పాత మేకు చేతిలోకి తీసుకుని చూడు. కాడ చదరంగా, మొన వైపు సన్నబడుతూ పోతుంది. తల కాడలోంచే లేచింది, విడిగా అతికింది కాదు. కొసను కాచి, నిలువుగా కొట్టి లావు చేసి, చిల్లు ఉన్న మందపాటి పలకలో దూర్చి తల గుండ్రం చేశారు. ఆ పలక నువ్వు ఒకటి చేసుకుంటే ముప్పై మేకులు ఒక ఆదివారం పని. ముప్పయ్యీ ఒకేలా రావు, రానక్కర్లేదు. కావాలని మాత్రం వంకరగా చెయ్యొద్దు.

ఇప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. 'చేత్తో చేసింది' అని చూపించడానికి పైనంతా గుంటలు పడేటట్టు సుత్తి ముద్రలు కొడతారు. హోటళ్ళ గేట్ల మీద చూస్తుంటా, మశూచి వచ్చినట్టు ఉంటాయి. పాత కమ్మరి సుత్తి గుర్తు కనపడకుండా సాపు చెయ్యడానికి ప్రాణం పెట్టేవాడు. కనిపించేది కనిపించక తప్పని చోటే. ఆ తలుపు మీద బందు కొస ఆకులాగా ఉందో, పాముపడగలాగా ఉందో చూసి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకో. మందం నాలుగు చోట్ల కొలువు. పాత బందు కీలు దగ్గర మందంగా, కొస వైపు పలచగా ఉంటుంది. షాపులో దొరికే ఫ్లాట్ పట్టీ మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం. కంటికి 'ఇది కొత్తది' అని చెప్పేది ఆ ఒకే మందమే. అతుకులు రివెట్లతో వెయ్యి, వేడిమీద. బోల్టు తల, వెల్డింగ్ పూస కనిపించాయంటే నీ మిగతా పనంతా వృథా.

పాత బందులో సగం బాగుండి సగం పోయి ఉంటే, పాతదానికి కొత్త ఎం.ఎస్. కొస అతకొచ్చు. రెండు కొసలూ వాలుగా చేసి, పాతదాన్ని ఎక్కువ వేడి చోట, ఎం.ఎస్.ని కాస్త పక్కన పెట్టు. ఎం.ఎస్. ముందే కాలిపోయి నక్షత్రాల్లా రవ్వలు చిమ్ముతుంది, పాతదానికి అప్పటికింకా సరిపడా వేడి రాదు. ఎం.ఎస్. వైపు వెలిగారం చల్లుకో. ముందు రెండు మూడు పనికిరాని ముక్కల మీద చేసి చూసుకో. ఆ బందు మీద నేర్చుకోవద్దు.

ఉప్పునీళ్ళ సంగతి. వద్దు. ఉప్పు ఇనుము సందుల్లో, మేకు చిల్లుల్లో కూర్చుంటుంది. పైన ఎంత నూనె పూసినా లోపల్నుంచి తుప్పు వస్తూనే ఉంటుంది. రెండు వానాకాలాలకు ఆ టేకు తలుపు మీద చారలు దిగుతాయి, ఆసామి నిన్నే పిలుస్తాడు. ఢిల్లీ స్తంభం గురించి నీ స్నేహితుడికి ఇలా చెప్పు: అది 1600 ఏళ్ళ నాటిది, ఏడు మీటర్ల ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు. ఇనుప ముద్దలను కొలిమి వేడి మీద ఒకదానికొకటి అతికి కట్టింది. తుప్పు తట్టుకోవడానికి ముఖ్య కారణం అందులో ఫాస్ఫరస్ ఎక్కువ, దానివల్ల పైన గట్టి పొర ఏర్పడింది. ఐఐటీ కాన్పూర్‌లో బాలసుబ్రమణ్యం అనే ఆచార్యుడు దీన్ని ఏళ్ళ తరబడి పరిశోధించాడు. భూమిలో పాతిన భాగానికి తుప్పు పట్టింది కూడా. పాత ఇనుమంతా అట్లా ఉంటుందనుకోవద్దు. చేత ఇనుము మామూలు ఉక్కు కన్నా చాలాచోట్ల బాగా తట్టుకున్న మాట నిజమే, కానీ పట్టించుకోకపోతే దానికీ తుప్పు వస్తుంది.

నల్లటి పాత రంగు కావాలంటే మన దగ్గరే మంచి ఉపాయం ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు నల్లరంగు ఎలా చేస్తారో తెలుసు కదా. తుప్పు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి వారాలు నానబెడతారు. గుడ్డను ముందే కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. ఇనుపనీళ్ళు ఆ గుడ్డ మీద పడగానే నలుపు. కరక్కాయలో ఉన్న టానిన్ ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది, అంతే. నువ్వు దాన్ని తిరగేసి చెయ్యి. కొత్త ముక్కలను తడి గోనెపట్టాలో చుట్టి రెండు మూడు రోజులు ఉంచు, సన్నగా తుప్పు పొడుస్తుంది. ఉప్పు వద్దు, మంచినీళ్ళే. వదులుగా ఉన్న పొడిని బ్రష్‌తో దులిపి, కరక్కాయ పొడి మరగబెట్టిన చిక్కటి కషాయం వేడిగా పూయి. ఎర్రటి తుప్పు నీలినలుపుకు తిరుగుతుంది. ఆరాక మళ్ళీ ఒక పూత. చివరికి ముక్కను చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, అవిసె నూనెలో కాస్త తేనెమైనం కరిగించి గుడ్డతో రుద్దు. పాతవాటికీ ఆఖరి నూనె పూతే పూస్తే రెండూ ఒక రంగుకు దగ్గరపడతాయి. ఆ నూనె గుడ్డలు ఉండగా చుట్టి మూల పడెయ్యకు, వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరెయ్యి, లేదా నీళ్ళ బకెట్‌లో వెయ్యి.

ఆసామికి ఏం చెప్పాలి అన్నది నువ్వు అడగలేదు, కానీ నీ టెన్షన్ అదేనని అర్థమవుతోంది. ఏది ఏ ఇనుమో కాగితం మీద రాసి ఇవ్వు. "గొళ్ళెం, కడియం మీ ఇంటి పాత ఇనుముతో, మేకులు కొత్త ఎం.ఎస్.తో." కొత్తవాటి వెనక, గోడకో కర్రకో ఆనే వైపు, సంవత్సరం అంకెలు పంచ్‌తో వెయ్యి. ముందు నుంచి కనపడవు, రేపు ఎవరైనా విప్పితే తెలుస్తుంది. మన తాతలూ తమ గుర్తు వేసేవాళ్ళు. అన్నీ అసలు పాత ఇనుమే కావాలని ఆయన పట్టుబడితే, దానికయ్యే రోజులు లెక్కగట్టి చెప్పు: ఏరడం, కట్ట కట్టడం, అతకడం, తిత్తికో మనిషి, రెండింతల బొగ్గు. మేకుల రేటు వినగానే మేకుల వరకు ఎం.ఎస్. చాలంటాడు చూడు.

ఇదంతా ఆ మేకులో నార ఉంటేనే. ఈ ఆదివారం కోసి విరిచి, విరిగిన చోట దగ్గరగా ఫొటో తీసి పంపు. ముల్లంగిలా తెగితే గోతమూ వద్దు, తుమ్మ బొగ్గూ వద్దు. సోమవారం పోయి చదరం తెచ్చుకో.